నంబరు 9ఎన్ అంటోంది, ఒళ్లు 8ఎన్ అంటోంది. ఏ మాట నమ్మాలి?

నాగటిచాలు:
అందరికీ నమస్కారం. ఏళ్ల తరబడి మూలన పడున్న పాత ట్రాక్టరొకటి నా చేతికొచ్చింది. ఒళ్లంతా బూడిద రంగు, అదీ ఎవరో బ్రష్షుతో పులిమిందే. ముందున్న బ్యాడ్జి ఎప్పుడో ఊడిపోయింది. ఇంజన్ బ్లాకు ఎడమ పక్క మడ్డి గీకితే ఒక నక్షత్రం గుర్తు, 9ఎన్, ఓ వరస అంకెలు, చివర మళ్లీ నక్షత్రం కనిపించాయి. చూసినవాళ్లలో ఒకాయన ఫోర్డ్ అన్నారు. ఇంకొకాయన రంగూ, వెనక పనిముట్లు తగిలించే మూడు లింకులూ చూపించి "ఫెర్గూసన్ కాక మరేంటి" అన్నారు. నాకు పార్టులు కావాలి. ఏ బండి పేరు చెప్పి అడగను?

పాతఇనుము:
ఫెర్గూసన్ అవునో కాదో నిమిషంలో తేలుతుంది. ఇంజన్ మీద రాకర్ కవరు (వాల్వుల మీది మూత) ఉందా? ఫెర్గూసన్ టిఇ20 మోడల్‌కి ఉంటుంది, దాని వాల్వులు పైనే. ఫోర్డ్ ఎన్ వరస మోడళ్లు, అంటే 9ఎన్, 2ఎన్, 8ఎన్, అన్నీ సైడ్ వాల్వు ఇంజన్లు. హెడ్డు పీటలా చదునుగా ఉండి, ప్లగ్గులు పైకి పొడుచుకొస్తాయి. ఇంకో గుర్తు: టిఇ20లో గేరు రాడ్డునే 'ఎస్' వైపు తోస్తే స్టార్టర్ తిరుగుతుంది.

రంగు, లింకులు చూసి పేరు పెట్టేవాళ్లని తప్పుపట్టలేం. 1938లో హెన్రీ ఫోర్డ్, హ్యారీ ఫెర్గూసన్ కలిసి ట్రాక్టరు చేద్దామని కాగితమన్నది లేకుండా చెయ్యి కలిపి మాట అనుకున్నారు. మరుసటి ఏడు 9ఎన్ వచ్చింది, ఫోర్డ్ బ్యాడ్జితో పాటు 'ఫెర్గూసన్ సిస్టమ్' అన్న పేరు కూడా పెట్టుకుని. తర్వాత చెడి, పేటెంట్ల తగువు కోర్టుకెక్కి, 1952లో ఫోర్డ్ 92.5 లక్షల డాలర్లిచ్చి రాజీపడింది. పోలికలు ఊరికే రాలేదు మరి.

గ్రీజుచేతులు:
ఇంత చరిత్ర ఎందుకన్నా? బ్లాకు మీద కంపెనీవాళ్లే కొట్టిన నంబరుంది. 9ఎన్ అంటే 9ఎన్. చర్చ అయిపోయింది.

స్పానర్ బాబాయి:
అప్పుడే ఎక్కడయిపోయింది తమ్ముడూ. 1942లో 2ఎన్ వచ్చాక కూడా నంబరు ముందు 9ఎన్ అనే కొట్టారు. అంటే ఆ అక్షరంతో 9ఎన్‌కీ 2ఎన్‌కీ తేడా చెప్పలేవు. యుద్ధకాలపు 2ఎన్ అయితే కొన్ని బ్యాటరీ లేకుండా మాగ్నెటోతో (ప్లగ్గులకి కరెంటు తానే పుట్టించేది), ఇనప చక్రాలతో వచ్చాయి. తర్వాత వాటికీ రబ్బరు టైర్లు ఎక్కాయనుకో, ఆ ఆనవాలూ పోయినట్టే.

అసలు సంగతి వేరే ఉంది. ఈ వరసలో సీరియల్ నంబరు ఇంజన్ బ్లాకు మీద మాత్రమే ఉంటుంది. బ్లాకు మారితే నంబరూ దానితోపాటే పోతుంది. అందుకని నాగటిచాలు గారూ, సీటెక్కి రెండు చూడండి. గేర్లు మూడా, నాలుగా? బ్రేకు పెడళ్లు ఎటున్నాయి? 9ఎన్, 2ఎన్‌లకి మూడు గేర్లు. ఎడమ బ్రేకు ఎడమ పక్కనే క్లచ్ దగ్గర ఉంటుంది, కుడిది కుడి పక్కన. 8ఎన్‌కి నాలుగు గేర్లు, రెండు బ్రేకులూ కుడివైపే.

నాగటిచాలు:
చూసొచ్చాను. హెడ్డు చదునే, రాకర్ కవరు లేదు. కాబట్టి ఫెర్గూసన్ కాదు. గేర్లు నాలుగు, రెండు పెడళ్లూ కుడి పక్కే. గేరుబాక్సు పొట్ట కింద ఎవరూ తుడవని మూల ఒకటుంటే కత్తి మొనతో గీకాను. బూడిద పొర కింద ఎరుపు, దాని కింద ఇనుము.

స్పానర్ బాబాయి:
ఇంకేం. 1947లో 8ఎన్ వచ్చినప్పుడు పైరేకులు బూడిద, ఒళ్లు ఎరుపు. మీది 8ఎన్ ఒంట్లో కూర్చోబెట్టిన పాత ఇంజన్.

గ్రీజుచేతులు:
బాబాయ్, నువ్వే రంగు నమ్మొద్దని, నువ్వే రంగు సాక్ష్యం తెస్తున్నావు.

స్పానర్ బాబాయి:
రంగు నమ్మొద్దన్నది నేను కాదు. అయినా పైపూత వేరు, అడుగుపొర వేరు. పైది ఎవడైనా పూస్తాడు. అడుగున, చెయ్యి పట్టని సందులో మిగిలిన పొర గేర్లతోనూ పెడళ్లతోనూ ఒకే మాట చెబుతుంటే ఎందుకు వదులుకోవాలి?

నాగటిచాలు:
ఒక చిక్కు. ఇంజన్ కాకుండా వెనక భాగంలో కూడా రెండు చోట్ల పోతలోనే 9ఎన్ అని లేచి కనిపిస్తోంది. మరి అది?

గ్రీజుచేతులు:
చూశారా.

కర్రు:
అక్కడే చాలామంది బోల్తా పడతారు. పోతలో కనిపించే అక్షరాలు ఆ ముక్కని మొదట ఏ మోడల్ కోసం గీశారో చెబుతాయి. ఎందులో బిగించారో చెప్పవు. 9ఎన్ కోసం చేసిన ముక్క 8ఎన్‌కీ సరిపోతే ఫోర్డ్ పాత నంబరునే కొనసాగించింది. పార్టుల పుస్తకంలో 8ఎన్ కింద 9ఎన్‌తో మొదలయ్యే నంబర్లు బోలెడు. కనక అవి బండికి అనుకూలమూ కాదు, వ్యతిరేకమూ కాదు.

పోతలో మనకి నిజంగా పనికొచ్చేది తేదీ గుర్తు, అది ఉన్న ముక్కల మీద. ముక్క పోతపోసిన తర్వాతే బండి బిగిస్తారు కదా. బండి తయారైన ఏడు కన్నా పోత తేదీ పాతదైతే ఫర్వాలేదు. కొత్తదైతే ఆ ముక్క తర్వాత వేసిందే.

నాగళ్ల దగ్గరా ఇదే తంతు. అందరూ కర్రు మీద నంబరు చదివి కంపెనీ చెప్పేస్తారు. కర్రు అరిగిపోయే వస్తువు, దాన్ని వేరేవాళ్లూ చేసి అమ్ముతారు. నేను ముందు ఫ్రేము, కర్రు బిగించే దిమ్మ చూస్తాను. (నా పేరు కర్రు అయినా సరే.)

గ్రీజుచేతులు:
ఒప్పుకుంటా, ఒళ్లు 8ఎన్‌దే. కానీ నా పట్టు వదలను. ఆ కంపెనీ ఆ బండికి ఇచ్చిన ఒకే ఒక్క గుర్తింపు ఇంజన్ నంబరు. ఒంటికి వేరే నంబరే ఇవ్వలేదు. రేపు అమ్మితే ఏమని అమ్ముతాడు? 8ఎన్ అని చెప్పి, కొనేవాడు మడ్డి గీకి 9ఎన్ చూస్తే ఎవరు దొంగ?

స్పానర్ బాబాయి:
రెండూ చెప్పి అమ్మితే ఎవరూ దొంగ కారు. కానీ ట్రాక్టరంటే నాకు వెనక భాగమే. బరువు లాగేది, లిఫ్ట్ ఎత్తేది, దున్నేది అదే. ఇంజన్ దానికి ఊపిరి పోస్తుందంతే. టిఇ20 కూడా మొదట్లో కాంటినెంటల్ ఇంజన్‌తో వచ్చింది, 1947 నుంచి స్టాండర్డ్ కంపెనీ ఇంజన్ పెట్టారు. ఇంజన్ చూసి పేరు పెడితే మొదటి ఫెర్గూసన్లన్నిటినీ కాంటినెంటల్ అనాలి.

గ్రీజుచేతులు:
అది కంపెనీ పెట్టిన ఇంజన్ బాబాయ్, ఇది ఎవరో మార్చిన ఇంజన్. రెంటికీ పోలికేంటి?

పాతఇనుము:
ఇది బాగా అడిగాడు. నా లెక్కలో అమ్మకానికి ఒక పేరు, పార్టులకి ఒక పేరు. నాగటిచాలు గారు అడిగింది రెండోది. క్లచ్ వెనక నుంచి 8ఎన్ అని అడగండి. ఇంజన్ సామాను అడిగే ముందు డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకి కరెంటు పంచేది) ఎక్కడుందో చూడండి. 8ఎన్‌లో సీరియల్ 263844 నుంచి అది పక్కకి మారింది, అంతకుముందు ఫ్యాన్ వెనక ముందువైపే ఉండేది. 8ఎన్ అని చెప్పి తెప్పిస్తే పక్క డిస్ట్రిబ్యూటర్ సామాను వచ్చి, మీ చేతిలో ఉత్త బరువవుతుంది.

నాగటిచాలు:
ముందువైపే ఉంది. సరే, నోటుపుస్తకంలో రెండు పేజీలు చేశాను, ఇంజన్‌కి 9ఎన్/2ఎన్, మిగతాదానికి 8ఎన్. తయారైన సంవత్సరం అని ఒక గడి గీసుకున్నాను, అది ఖాళీగానే ఉంది.

గ్రీజుచేతులు:
నంబరు నమ్మి ఉంటే ఈపాటికి నిండేది.

స్పానర్ బాబాయి:
తప్పుగా నిండేది. నాగటిచాలు గారూ, గేరుబాక్సు పోత మీద తేదీ గుర్తు దొరుకుతుందేమో, వైరు బ్రష్షుతో మెల్లగా రుద్దండి. గ్రైండర్ మాత్రం పెట్టకండి.