గాల్వెస్టన్ క్రూజ్: సిగ్గరి పిల్లాడు కిడ్స్ క్లబ్‌లో ఉంటాడా?

ఫ్రిస్కో_అమ్మ

నమస్తే అండీ. వచ్చే నెల టెక్సాస్‌లోని గాల్వెస్టన్ రేవు నుంచి కార్నివాల్ కంపెనీ ఓడలో 7 రాత్రుల క్రూజ్‌కి వెళ్తున్నాం. మేము, అత్తయ్య, మా ఆడపడుచు వాళ్ళు. బాబుకి ఐదేళ్ళు. ఇంట్లో నోరు మూయడు. బయట ఎవరైనా "హాయ్" అంటే చాలు, నా కాళ్ళ వెనక దూరతాడు. పోయినేడాది ఒక జిమ్ డేకేర్‌లో దింపితే ఏడవలేదు కానీ గంటసేపు తలుపు పక్కనే నిలబడ్డాడట. ఎవరికీ చెప్పలేక ప్యాంటు తడుపుకున్నాడు. తలుచుకుంటే ఇప్పటికీ గుండె కలుక్కుమంటుంది.

ఆడపడుచు కూతురికి ఏడేళ్ళు. ఇద్దరూ కలిసి ఉంటారులే అనుకున్నా. నిన్న చూస్తే క్యాంప్ ఓషన్‌లో (ఓడలో పిల్లల క్లబ్ పేరు) 2 నుంచి 5 ఏళ్ళవాళ్ళు ఒక గుంపు, 6 నుంచి 8 ఇంకో గుంపు! అప్పటినుంచి ఒకటే టెన్షన్. మా పెళ్ళిరోజు ఆ వారంలోనే. ఒక్క పూట ఇద్దరం కూర్చుని భోంచేద్దామని ఆశ. అత్తయ్యేమో "ముక్కూమొహం తెలియనివాళ్ళ దగ్గర పిల్లాణ్ణి వదిలేసి భోజనమేమిటమ్మా" అంటున్నారు. ఇలాంటి పిల్లల్ని ఎలా అలవాటు చేశారు?

కాకినాడ_నాన్న

మా పాపదీ ఇదే కథ, అప్పుడు దానికి నాలుగేళ్ళు. ముందు నేను చేసిన వెధవ పని చెప్తా. పాప బొమ్మల్లో పడగానే చెప్పకుండా జారుకున్నా. పది నిమిషాల్లో క్లబ్ నుంచి ఫోన్. ఇక ట్రిప్ అయ్యేదాకా ఆ డెక్ మీదకే రానంది. లిఫ్ట్‌లో ఆ నంబర్ వెలిగితే నా కాలు వాటేసుకునేది.

మరుసటి ఏడాది బుద్ధి తెచ్చుకున్నా. ఓడెక్కిన రోజు పిల్లల క్లబ్ చూడ్డానికి పెద్దవాళ్ళని కూడా లోపలికి రానిస్తారు. జనమంతా బఫే మీద పడుతుంటే మేం ముందు అక్కడికెళ్ళాం. బాత్రూమ్ ఎక్కడో పాప చేతే అడిగించా, అదే నాకు చూపించింది. మర్నాడు దింపింది ఇరవై నిమిషాలే. "నాన్న కాఫీ తెచ్చుకుని వస్తాడు" అని చెప్పి, కప్పు చేత్తో పట్టుకునే తిరిగొచ్చా. ఐదింటికి వస్తానంటే ఆ వయసుకి ఏం తెలుస్తుంది? కప్పయితే కనపడుతుంది.

ఇంకోటి, సముద్రం మీదున్న రోజుల్లో క్లబ్ సంతలా ఉంటుంది. ఓడ మెక్సికోలోని కోజుమెల్ లాంటి చోట ఆగినప్పుడు చాలామంది దిగిపోతారు, క్లబ్ ఖాళీ. మీవాడికి అసలైన రోజు అదే. మీరు కాస్త ఆలస్యంగా దిగితే మునిగిపోయేదేం లేదు (ఓడ గురించి ఈ మాట అనకూడదేమో!). పెళ్ళిరోజు విందు మాత్రం మొదటి రెండు రోజుల్లో పెట్టుకోకండి.

విశాఖ_సీగల్

ఓడల మీద పిల్లల క్లబ్‌లో రెండు కాంట్రాక్టులు చేశాను. కంపెనీ అడక్కండి. గట్టిగా ఏడ్చేవాళ్ళతో మాకు పెద్ద బెంగ ఉండేది కాదు. బూట్లు విప్పకుండా తలుపు దగ్గర కూర్చునేవాళ్ళే కష్టం, రద్దీలో కంటికి ఆనరు. అందుకే రిజిస్ట్రేషన్ అప్పుడే చెప్పండి: ముద్దుపేరు ఇది, బాత్రూమ్ కావాలని నోరు తెరిచి అడగడు, మీరే అడుగుతుండండి అని. దింపిన ప్రతిసారీ చెప్పండి, షిఫ్టులు మారిపోతుంటాయి.

సుస్సు అంటాడా, ఇంకేమైనా అంటాడా, ఆ మాట ఇంగ్లిష్ అక్షరాల్లో రాసివ్వండి. ఒక గుజరాతీ పాప దాహమేసి "పాణీ, పాణీ" అంటుంటే మా సౌతాఫ్రికా అమ్మాయి బొమ్మ గుర్రం తెచ్చిచ్చింది, ఇంగ్లిష్‌లో "పోనీ" (పొట్టి గుర్రం) అనుకుని. పాప దాన్ని పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

"వెళ్ళి అందరితో ఆడుకో" అనడం సిగ్గరి పిల్లలకి పెద్ద శిక్ష. ఏదైనా పని ఇమ్మని అడగండి. స్టిక్కర్లు పంచడమో, క్రేయాన్లు ఏరడమో. మేనత్త కూతురితో కలిపి ఉంచుతారా అన్నది అక్కడే అడగాలి. దింపాక మాత్రం అద్దంలోంచి తొంగి చూడకండి. ఆడుకుంటున్న పిల్లలు అమ్మ మొహం కనపడగానే మళ్ళీ మొదలుపెడతారు.

ఫ్రిస్కో_అమ్మ (ఆరు వారాల తర్వాత)

పోయిన వారం వచ్చాం. మీరు చెప్పినట్టు మొదటి రోజే క్లబ్‌కి వెళ్ళాం, కానీ బాబు గుమ్మం దాటలేదు. మేం ముగ్గురం అక్కడే కింద కూర్చుని, ఒక పజిల్ పెట్టి వచ్చేశాం. రెండో రోజు కాఫీ కప్పు, ఇరవై నిమిషాలు. బూట్లు విప్పలేదు.

కోజుమెల్ రోజు లోపల నలుగురే పిల్లలు. క్రేయాన్ల ఉద్యోగం ఇచ్చారు. రంగుల వారీగా పేర్చి ఎవర్నీ ముట్టుకోనివ్వలేదట! గంటంపావు ఉన్నాడు. బాత్రూమ్ వాళ్ళే అడిగి పంపించారు. పెళ్ళిరోజు భోజనం కూడా అయింది. స్టార్టర్లు తినగానే నేనొకసారి వెళ్ళొచ్చాననుకోండి. అద్దం దగ్గరికి కాదు, మలుపు దాకానే.

చివరి రోజు మళ్ళీ రానని మొండికేశాడు. సరేలే, డెక్ మీదకి వెళ్దాం అంటుంటే అత్తయ్య వచ్చి, "వాణ్ణి ఓ గంట అక్కడ దింపి రామ్మా, ఇవాళ వీణ్ణి చూసుకోవడం నావల్ల కాదు, బింగో ఆట ఉంది" అన్నారు.