స్టీల్ స్లాగ్ పొడిని జీజీబీఎస్ బదులు వాడొచ్చా?

ప్రశ్న: మేం పేవర్ బ్లాకులు పోస్తుంటాం. సిమెంటులో 30 శాతం తగ్గించి ఆ మేరకు స్టీల్ స్లాగ్ (స్టీలు తయారీలో మిగిలే చిట్టెం) పొడి కలుపుకోమని ఒక సప్లయర్ అంటున్నారు. సిమెంటులో కలిపే జీజీబీఎస్ పొడి కూడా స్లాగే కదా, వేసెయ్యొచ్చా?

జవాబు: తొందరపడకండి. పేరులో స్లాగ్ ఉన్నా రెండిటికీ చాలా తేడా ఉంది. జీజీబీఎస్ బ్లాస్ట్ ఫర్నేసుది, అంటే ఖనిజం నుంచి ఇనుము తీసే కొలిమిది. కరిగి ఉండగానే నీళ్లు కొట్టి ఒక్కసారిగా చల్లారుస్తారు కాబట్టి గాజులా తయారవుతుంది. సిమెంటుతో కలిసి గట్టిపడేది ఆ గాజు గుణం వల్లే. స్టీల్ స్లాగ్ అలా కాదు. ఇనుమును స్టీలుగా మార్చేటప్పుడు సున్నం వేస్తే వచ్చేది అది. దాన్ని ఎక్కువగా గుంటల్లో పోసి మెల్లగా ఆరనిస్తారు. అందుకే గాజు తక్కువ, ఇనుప ఆక్సైడ్లు ఎక్కువ. మిల్లులో నలగడమూ కష్టమే.

అసలు టెన్షన్ అందులో కలవకుండా మిగిలిపోయిన సున్నంతోనే. నీరు తగిలితే దాని పరిమాణం దాదాపు రెట్టింపవుతుంది. మామూలు సున్నమైతే కలిపేటప్పుడే పొంగి ఊరుకుంటుంది. ఇది 1600 డిగ్రీల దగ్గర బాగా కాలిపోయిన సున్నం, నీటిని మెల్లగా తీసుకుంటుంది. బ్లాకు గట్టిపడ్డాక లోపల పొంగితే పగుళ్లే. స్లాగులో ఉండే మెగ్నీషియం ఆక్సైడ్ (మెగ్నీషియా) పొంగడం ఇంకా నిదానం, ఏళ్లు పట్టొచ్చు.

ప్రశ్న: కొన్ని నెలలు ఎండా వానల్లో ఉంచిన సరుకే ఇస్తామన్నారండీ. 28 రోజుల క్యూబ్ రిపోర్ట్ కూడా బాగుంది.

జవాబు: ఆరుబయట పోసి ఉంచడం మంచిదే, కానీ పెద్ద గడ్డల లోపలికి నీరు సరిగా చేరదు. వాటిని తర్వాత పొడి చేస్తే లోపలి సున్నం బయటపడుతుంది. ఇక క్యూబ్ రిపోర్ట్ బలం చెబుతుందే గానీ, తర్వాత పొంగుతుందో లేదో చెప్పదు. మీరు వాడే సిమెంటులో ఆ పొడి కలిపి, గట్టిపడ్డాక ఎంత పొంగుతుందో చూసే లె షాటెలియే పరీక్ష చేయించండి. ఉడకబెట్టే ఆ పరీక్షలో సున్నం పట్టుబడుతుంది, మెగ్నీషియా తప్పించుకుంటుంది. దానికి ఆటోక్లేవ్ పరీక్ష (ఎక్కువ పీడనంలో ఆవిరి పట్టేది) ఉండాల్సిందే. చాలామంది మొదటిదాంతోనే సరిపెట్టేస్తారు.

ఇంకొకరి జవాబు: సిమెంటు ఫ్యాక్టరీలు స్టీల్ స్లాగును క్లింకర్ (నూరితే సిమెంటయ్యే కాల్చిన గడ్డలు) ముడిసరుకులో కూడా కలుపుతాయి. కిల్న్‌లో, అంటే సిమెంటు బట్టీలో, 1450 డిగ్రీల దగ్గర ఆ సున్నం సిలికేట్లుగా మారిపోతుంది కాబట్టి అక్కడ ఈ గొడవ ఉండదు. పైగా ఈ సున్నం సున్నపురాయి రూపంలో ఉండదు కనుక ఆ మేరకు, రాయిని కాలిస్తే వెలువడే కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది. తారు రోడ్లకు కంకరగానూ బాగా పనికొస్తుంది. బ్లాకుల్లో మాత్రం నేనైతే జీజీబీఎస్సే వేస్తాను.

ప్రశ్న: సరేనండీ, రెండు పరీక్షల రిపోర్టులూ చూపిస్తేనే లోడు దించుకుంటానని చెప్పేస్తాను.

జవాబు: ఒక్క లోడుకు చూసి ఊరుకోకండి. ఫర్నేసులో హీట్ (ఒక విడత కరిగించే సరుకు) మారితే స్లాగూ మారుతుంది, ప్రతి లాటుకూ అడగండి.