అప్‌డేట్: భూటాన్ ప్రాజెక్టు ఎలా జరిగిందంటే

భూటాన్‌పై ప్రాజెక్టు చేస్తున్న మా తొమ్మిదో తరగతి పిల్లలు రాజధాని, జెండా, జనాభా రాసి ఊరుకుంటున్నారని, వారిచేత నిజమైన పరిశోధన ఎలా చేయించాలని కిందటి నెల అడిగాను. దేశాన్నంతా కాక ఒక్క ప్రశ్నను పట్టుకోమన్న మీ సలహా చక్కగా పనిచేసింది. దేశంలో కనీసం 60 శాతం ఎప్పటికీ అడవిగానే ఉండాలని 2008 నాటి రాజ్యాంగం ఎందుకు నిర్దేశించిందన్న ప్రశ్నతో మొదలైన ఒక బృందం, అడవి నుంచి నదులకు, నదుల నుంచి భారత్ సహకారంతో కట్టిన 336 మెగావాట్ల చుఖా జలవిద్యుత్ కేంద్రానికి, అక్కడి నుంచి మనకు అమ్మే కరెంటుకు తనంతట తానే చేరుకుంది. ఆ కేంద్రం ఉన్న వాంగ్‌చు నదిని చార్టుపై నీలం ఊలుదారంతో అతికించిన అమ్మాయి, కాగితం చూడకుండా, దారం వెంట వేలు జరుపుతూ వివరించింది. చలికాలంలో నీరు తగ్గితే భూటానే మన దగ్గర కరెంటు కొంటుందని ఆమె చెప్పినప్పుడు, వెనక బెంచీల నుంచి కూడా ప్రశ్నలు వచ్చాయి.