నచ్చని ఒరిజినల్ పేజీని మార్పిడి కోసం కొనొచ్చా?

తెరచాప

అందరికీ నమస్కారం. అచ్చుకు ముందు ఆర్టిస్టులు చేత్తో గీసిన కామిక్ పేజీల సంగతి ఇది. నాకు కావలసింది టూంబ్ ఆఫ్ డ్రాక్యులా కామిక్ పేజీ, జీన్ కోలన్ పెన్సిల్ (మొదటి బొమ్మ), టామ్ పామర్ ఇంకు (దాని మీద సిరా గీతలు), డ్రాక్యులా ముఖం బాగా కనబడేది. అవి ఉన్నవాళ్ళు డబ్బుకు ఇవ్వడం లేదు, మంచి పేజీ ఏదైనా ఉంటే మార్చుకుందాం అంటున్నారు. ఇప్పుడు ఒక డీలర్ దగ్గర 1966 నాటి థోర్ పేజీ ఉంది. జాక్ కర్బీ పెన్సిల్, విన్స్ కొలెట్టా ఇంకు. ఆరు ప్యానెళ్ళలో (బొమ్మ గళ్ళలో) రెండింట్లోనే థోర్. నిజం చెప్పాలంటే నాకు నచ్చలేదు. ఆ మొద్దు వేళ్ళూ నచ్చలేదు, వెంట్రుకల్లాంటి ఆ సన్నగీతలూ నచ్చలేదు. ఇది చేతిలో ఉంటే ఏదైనా మార్చుకోవచ్చని డీలర్ మాట.

మార్పిడి సరుకుగా కొనడం మంచి పనేనా? కొంటే కాగితం మీద ఏమేం చూసుకోవాలి? ఇంకోటి, ఇప్పుడు డాలస్‌లో ఉన్నాను గానీ రెండేళ్ళలో వైజాగ్ వెళ్ళిపోతాం. అక్కడ దీన్ని ఎలా కాపాడాలి?

తూనికరాయి

ముందు లెక్క చూద్దామండీ. మీరు డీలర్ దగ్గర కొన్నా, అతను వేలం ధరలు చూసే రేటు పెడతాడు. రేపు వదిలించుకోవాలంటే మీకు మిగిలే దారి కూడా చాలావరకు వేలమే.

1,000 డాలర్ల దగ్గర పాట ఆగిందనుకోండి. బయ్యర్స్ ప్రీమియం (కొన్నవాళ్ళు వేలం సంస్థకు అదనంగా కట్టేది) 20 శాతం వేస్తే 1,200. టెక్సస్ సేల్స్ టాక్స్ 8.25 శాతం, ప్రీమియం మీద కూడా పడుతుంది, 1,299. ప్యాకింగూ షిప్పింగూ ఓ 41. మొత్తం 1,340. అమ్మేటప్పుడు మీ దగ్గర 10 శాతం కమిషన్ పట్టుకుంటే, ఆ 1,340 తిరిగి రావడానికి పాట 1,489 దాకా వెళ్ళాలి. అంటే ధర దాదాపు 49 శాతం పెరిగితే మీకు మిగిలేది సున్నా. ప్రీమియం, కమిషన్ ఒక్కో వేలం సంస్థకు ఒక్కోలా ఉంటాయి, మీ అంకెలు వేసుకుని చూడండి. కానీ ఈ గుంత ఎక్కడికీ పోదు. నచ్చిన పేజీ అయితే ఆ గుంతలో కూర్చుని పదేళ్ళు గోడకేసి చూసుకుంటారు. నచ్చనిదైతే రెండో ఏడే అమ్మాలనిపిస్తుంది, నష్టం వచ్చేది అక్కడే.

మార్పిడి చేస్తే పన్ను ఉండదని చాలామంది అనుకుంటారు. 2018 నుంచి అమెరికాలో ఆ వెసులుబాటు స్థిరాస్తికే. పేజీకి పేజీ మార్చుకున్నా అది అమ్మకం కిందే లెక్క. ఏడాది దాటాక లాభం వస్తే కలెక్టిబుల్స్ మీద ఫెడరల్ రేటు 28 శాతం దాకా ఉంటుంది.

ఇక డీలర్ మాట. మార్పిడిలో డీలర్ తన పేజీకి చిల్లర ధర కడతాడు, మీ పేజీకి టోకు ధర కడతాడు. ఏదైనా మార్చుకోవచ్చు అన్నాడు కదా, అయితే ఒకటి అడగండి: ఏడాదిలోపు ఇదే ధరకు, మీ దగ్గరున్న వేరే సరుకు మీద క్రెడిట్‌గా వెనక్కి తీసుకుంటారా, తీసుకుంటే బిల్లు మీద రాసిస్తారా? ఆ జవాబు ఎలా వస్తుందో చూస్తే మిగతాది మీకే అర్థమవుతుంది.

నల్లసిరా

తూనికరాయి గారి లెక్క సరే. కానీ "నచ్చలేదు" అన్నది ఒకే ముక్క కాదు. మీకు నచ్చనిది ఏది? కర్బీయా, కొలెట్టాయా, ఈ పేజీయా?

ఈ హాబీలో ధరకూ అందానికీ చుట్టరికం దూరమే. హల్క్ కామిక్ 180వ సంచిక చివరి పేజీ, హెర్బ్ ట్రింప్ వేసింది, 2014లో 6,57,250 డాలర్లకు పోయింది. అది గొప్ప డ్రాయింగ్ అని ఎవరూ అనరు. చివరి ప్యానెల్‌లో వుల్వరిన్ అనే హీరో మొదటిసారి కనబడతాడు, అంతే. రెండేళ్ళ ముందు టాడ్ మెక్‌ఫార్లేన్ స్పైడర్‌మ్యాన్ 328 కవర్ కూడా సరిగ్గా ఇంతకే పోయింది, కానీ దాన్ని బొమ్మ కోసం కొనేవాళ్ళున్నారు. 2022లో మైక్ జెక్ గీసిన సీక్రెట్ వార్స్ 8లో 25వ పేజీ 33.6 లక్షల డాలర్లు పలికింది. స్పైడర్‌మ్యాన్‌కు నల్ల దుస్తులు వచ్చే పేజీ కాబట్టి. అలాంటి చోట మీ ఇష్టాయిష్టాలతో పని లేదు, ఆ సన్నివేశానికే గిరాకీ.

మీ థోర్ పేజీలో అలాంటి సన్నివేశం లేదు, నాలుగు ప్యానెళ్ళలో అసలు థోరే లేడు. గిరాకీ అంతా కర్బీ పేరు మీద. ఇక్కడే కొలెట్టా అడ్డొస్తాడు. గడువు దాటిపోకుండా పని ముగించడంలో ఆయనకు ఆయనే సాటి. కాకపోతే అందుకోసం వెనకున్న గుంపులను, కట్టడాలను చెరిపేయడమో, నల్లటి నీడలుగా మార్చేయడమో చేసేవాడు. కర్బీయే గీసిన ఫెంటాస్టిక్ ఫోర్‌కు 44వ సంచిక నుంచి జో సినాట్ వేసిన ఇంకు పక్కన పెట్టి చూడండి. కర్బీ ఇచ్చిన బరువు అక్కడ నిలబడుతుంది, ఇక్కడ దూదిలా తేలిపోతుంది. కర్బీని కోరుకునేవాళ్ళలోనే చాలామంది కొలెట్టా అంటే ముఖం తిప్పుకుంటారు. పురాణ వాతావరణానికి ఆ గీత నప్పిందనే వాళ్ళూ ఉన్నారు, కాదనను. కానీ మార్పిడికి పట్టుకెళ్ళే సరుకులో సగంమందికి నచ్చని గుణం ఉండటం ఇబ్బందే.

ఒక పని చేయండి. గదిలో దీపాలు ఆర్పేసి, చిన్న లైటు పేజీకి పక్కనుంచి, దాదాపు బల్లకు ఆనించి వేయండి. ఇంకు లేని చోట పెన్సిల్ నొక్కుడు గాడులు కనబడితే, అక్కడ కర్బీ ఏదో గీశాడు, తర్వాత రబ్బరు పడింది. అచ్చులో ఎప్పుడూ రాని మనిషి తలో, గోపురమో ఆ గాడుల్లో ఉండొచ్చు. అది చూశాక పేజీ మీద మనసు మారినవాళ్ళున్నారు.

వేళ్ళ సంగతంటారా, బాపు గీత చూసి పెరిగిన కళ్ళకు కర్బీ వేళ్ళు కొయ్యదుంగల్లా కనబడక ఇంకెలా కనబడతాయి లెండి.

పాతకాగితం

కాగితం సంగతి నేను చెప్తాను.

మొదట టేపు పెట్టి కొలవండి. 1967 దాకా మార్వెల్ పేజీలు పెద్ద సైజులో గీసేవారు, బొమ్మ భాగమే సుమారు పన్నెండున్నర బై పద్దెనిమిదిన్నర అంగుళాలు. తర్వాతే 10 బై 15కు దిగింది. 1966 పేజీ అని చెప్పి 10 బై 15 చూపిస్తే అక్కడే ఆపేయండి. అక్షరాలు బోర్డు మీదే చేత్తో రాసి ఉండాలి. అక్షరాలు ముందు, ఇంకు తర్వాత, కాబట్టి బొమ్మ గీతలు బెలూన్ (మాటల బుడగ) అంచు దగ్గర ఆగుతాయి, కిందికి దూరవు. అంచుల్లో కర్బీ చేతిరాత కోసం వెతకండి. కథేం జరుగుతోందో, మాటలు రాసే స్టాన్ లీకి అర్థం కావడానికి పెన్సిల్‌తో రాసేవాడు. కొన్ని చెరిగిపోయాయి, కొన్నింట్లో అంచే కోసేశారు. రాత ఉంటే విలువ పెరుగుతుంది. అంచు కోసిన పేజీకి ధర తగ్గించమని అడగొచ్చు.

అచ్చయిన సంచిక పక్కన పెట్టి గీతకు గీత పోల్చండి. అన్నీ అచ్చంగా ఉండి, ఎక్కడా ఒక్క తెల్లరంగు దిద్దుబాటు గానీ నీలి పెన్సిల్ గుర్తు గానీ లేకపోతే అనుమానించండి. లైట్‌బాక్స్ (కింద దీపమున్న గాజుబల్ల) మీద దించిన నకలు మరీ శుభ్రంగా ఉంటుంది. వెనక కామిక్స్ కోడ్ (అప్పటి కామిక్స్ సెన్సారు) ముద్ర ఉంటే సంతోషం, లేనంత మాత్రాన దొంగది కాదు. పేజీ ఎవరి చేతుల మీదుగా వచ్చిందో రాతపూర్వకంగా అడగండి. అప్పటి పేజీలు మార్వెల్ గోదాముల నుంచి చాలా మాయమయ్యాయి, 1987లో కర్బీకి తిరిగిచ్చినవి రెండు వేలకు అటూఇటూ, అంతే.

పోస్టులో తెప్పించుకుంటే ఫెడెక్స్‌లో కళాఖండానికి డిక్లేర్డ్ వేల్యూ (పోతే వాళ్ళు కట్టే గరిష్ఠ మొత్తం) 1,000 డాలర్లకు మించదు, ఎక్కువ రాసినా రాదు. అమెరికా లోపల యూఎస్‌పీఎస్ రిజిస్టర్డ్ మెయిల్‌కు 50,000 దాకా బీమా ఉంది. నెమ్మది, కానీ భద్రం. పేజీని పాలిస్టర్ కవర్లో పెట్టి, అట్టలోని గీరలు ఒకదానికొకటి అడ్డంగా వచ్చేలా రెండు అట్టముక్కల మధ్య బిగించమనండి.

వైజాగ్‌లో ఎండ కన్నా తేమే శత్రువు. ఇండియా ఇంకు బొగ్గుమసి, వెలిసిపోదు. కాగితం పచ్చబడుతుంది, బూజు మచ్చలు పడతాయి, వెండిపురుగు అంచులు కొరుకుతుంది. గాలిలో తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉండాలి. పడగ్గదిలో డీహ్యూమిడిఫైయర్ లేకుండా అది కుదిరే పని కాదు. ఫ్రేము కట్టిస్తే యూవీని ఆపే యాక్రిలిక్, ఆమ్లం లేని నూలు మ్యాట్ (బొమ్మ చుట్టూ పెట్టే అట్ట చట్రం), జపాన్ కాగితం ముక్కలను గోధుమగంజితో అతికించిన, పేజీని పట్టి ఉంచే హింజ్‌లు కావాలి. మ్యాట్ ఉండబట్టి యాక్రిలిక్ బొమ్మకు తగలదు. వానాకాలం చెమ్మ పట్టే బయటిగోడకు తగిలించొద్దు. లోపలిగోడకైనా ఫ్రేము వెనక మూలల్లో బిరడాలు పెట్టి ఓ సెంటీమీటరు గాలి ఆడనివ్వండి. ఈ సైజు 11 బై 17 ఆల్బమ్‌లో పట్టదు, పట్టించడానికి అంచు మడతపెట్టే పాపం మాత్రం చేయకండి. విమానంలో క్యాబిన్ బ్యాగు సాధారణంగా 22 బై 14, ప్యాకింగ్‌తో కలిపి మించొచ్చు. ముందే కొలుచుకోండి.

తెరచాప

చాలా థ్యాంక్సండీ. కొలిచాను, పెద్ద సైజే. అంచుల్లో రాత సగం కనబడుతోంది. మూడో ప్యానెల్‌లో ఒక బెలూన్ మీద అతికించిన కాగితం సగం లేచింది, కింద గోధుమరంగు మరక. మళ్ళీ అతికించెయ్యనా? డీలర్ వెనక్కి తీసుకుంటానని నోటితో అంటున్నాడు, రాసివ్వడట.

పాతకాగితం

అతికించకండి. అది రబ్బర్ సిమెంట్ మరక, జిగురు పాతబడి కాగితంలోకి ఇంకింది. అది తుడిస్తే పోయేది కాదు, బ్లీచ్ వాడితే చుట్టూ ఉన్న కాగితం కూడా పోతుంది. ఆ ముక్క ఊడితే పారేయకుండా చిన్న పాలిస్టర్ కవర్లో వేసి పేజీతోనే ఉంచండి. దాని కింద మొదటి డైలాగు ఉంటుంది, చదవండి. కొన్నిసార్లు అదే పైదానికన్నా బావుంటుంది. సరిచేయించాలంటే పేపర్ కన్సర్వేటర్ (పాత కాగితాలు బాగుచేసే నిపుణుడు) దగ్గరికే.

తూనికరాయి

రాసివ్వనప్పుడు ఆ మాటకు ధర కట్టకండి. మామూలు పేజీగా ఎంత చేస్తుందో, అందులోంచి మరకకూ కొలెట్టాకూ తగ్గించి అంతే చెప్పండి. అంతకన్నా ముందు డ్రాక్యులా పేజీ ఉన్న వాళ్ళకు ఈ స్కాన్ పంపి సూటిగా అడగండి, దీనికి మీది ఇస్తారా అని. కోలన్ పేజీలు దాచుకునేవాళ్ళకు చాలాసార్లు కావలసింది ఇంకో కోలనే.