కింది కట్టుడు పళ్లు నిలవని పెద్దవారికి రెండు ఇంప్లాంట్లు సరిపోతాయా?

ప్రశ్న:
మా అమ్మగారికి 72 ఏళ్లు. సొంత పళ్లు ఒక్కటీ మిగలలేదు. పై సెట్టు బాగానే పట్టి ఉంటుంది గానీ, కింది సెట్టు మాట్లాడుతున్నప్పుడు కూడా లేచిపోతోంది. జొన్నరొట్టె, జామకాయ, మాంసం మానేసి ఇడ్లీ, పెరుగన్నంతో సరిపెట్టుకుంటున్నారు. కింద రెండు ఇంప్లాంట్లు (దవడ ఎముకలో బిగించే స్క్రూలు) వేసి వాటి మీద సెట్టు బిగిస్తామని డాక్టరు గారు అంటున్నారు. షుగరు ఉన్న మనిషికి ఈ వయసులో అది మంచిదేనా, నిజంగా నమలగలుగుతారా? తెలిసినవారు దయచేసి చెప్పండి.

జవాబు (దంతవైద్యుడు):
పై సెట్టు అంగిలినంతా కప్పి అతుక్కుంటుంది. కింది దానికి ఆ ఆసరా లేదు, పైగా నాలుక, బుగ్గలు దాన్ని కదుపుతూనే ఉంటాయి. పళ్లు పోయాక దవడ ఎముక అరుగుతూ పోతుందనీ, ఏళ్లు గడిచేకొద్దీ ఆ అరుగుదల కింది దవడలో పై దవడకంటే సుమారు నాలుగింతలు ఉంటుందనీ టాల్‌గ్రెన్ అనే దంత పరిశోధకురాలు 1972లో ప్రచురించిన దీర్ఘకాల పరిశీలన చూపింది. అందుకే, 2002లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో సమావేశమైన నిపుణులు, పళ్లు లేని కింది దవడకు రెండు ఇంప్లాంట్ల మీద నిలిచే సెట్టునే మొదటి ఎంపికగా చూడాలని ప్రకటించారు.

ఇంప్లాంట్లుగా వేసే ఆ రెండు టైటానియం స్క్రూలను గడ్డం దగ్గర, దవడలోని నరానికి దూరంగా, ముందు భాగంలో అమరుస్తారు కాబట్టి పెద్ద ఆపరేషన్ ఏమీ ఉండదు. ఎముక వాటిని పట్టుకోవడానికి సాధారణంగా రెండు మూడు నెలలు ఆగుతారు. కొరికే బలం స్పష్టంగా పెరుగుతుంది, అయితే సహజ దంతాలంత రాదు. వయసు ఒక్కటే అడ్డంకి కాదు. షుగరు అదుపులో ఉండాలి, అమ్మగారికి పొగాకు, చుట్ట అలవాటు ఉంటే మానిపించాలి. సెట్టును రోజూ తీసి కడగాలి. సెట్టు లోపల ఉండి ఇంప్లాంట్లను పట్టుకునే నైలాన్ రింగులు అరిగినప్పుడల్లా మార్పించుకోవాలి.

మరొక జవాబు:
మా నాన్నగారికి ఇదే చేయించాము, పట్టు బాగా కుదిరింది. అయినా చాలాకాలం మెత్తని తిండికే అలవాటు పడిపోయారు కాబట్టి, మేమే పట్టుబట్టి కూరగాయలు, పప్పుదినుసులు, చిన్న ముక్కలుగా కోసిన పండ్లు మెల్లగా అలవాటు చేయవలసి వచ్చింది. అమ్మగారి భోజనం గురించి కూడా ముందే ఆలోచించండి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. అమ్మగారు ఎముకల బలహీనతకు ఆరు నెలలకొకసారి ఇంజెక్షన్ చేయించుకుంటారు. దీనివల్ల ఇబ్బంది ఉంటుందా?

జవాబు (దంతవైద్యుడు):
ఇది తప్పకుండా చెప్పవలసిన విషయమండీ. అలాంటి కొన్ని మందుల వల్ల, అరుదుగానే అయినా, శస్త్రచికిత్స తరువాత దవడ ఎముక మానకుండా దెబ్బతినే ప్రమాదం ఉంది. అలాగని ఇంజెక్షన్‌ను మీ అంతట మీరు ఆపవద్దు, ఆపితే వెన్నెముక విరిగే ప్రమాదం పెరగవచ్చు. ఇంజెక్షన్ పేరు, చివరిసారి ఇచ్చిన తేదీ రాసుకుని, దాన్ని రాసిన డాక్టరు గారితోనూ దంతవైద్యుడితోనూ మాట్లాడిన తరువాతే ఇంప్లాంట్లకు తేదీ ఖరారు చేయండి.