ల్యాప్‌టాప్ ఇప్పుడే కొనాలా, ఇంకో ఏడాది ఆగాలా?

ఇంజనీరింగ్ రెండో ఏడాది చదువుతున్నాను. నాది అన్నయ్య వాడి ఇచ్చిన ల్యాప్‌టాప్: ఏడో తరం ఐ3 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, పాత హార్డ్ డిస్క్. ఆన్ చేసి స్నానం చేసి వచ్చినా ఇంకా తిరుగుతూనే ఉంటుంది! 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి. ఈ ప్రాసెసర్‌కేమో విండోస్ 11 అధికారికంగా రాదు.

హార్డ్ డిస్క్ బదులు వేగంగా పనిచేసే ఎస్‌ఎస్‌డీ వేసి, ర్యామ్ 8 జీబీ చేసి, విండోస్ బదులు లినక్స్ పెట్టుకుంటే ఇంకో ఏడాది లాగించొచ్చని ఫ్రెండ్ అంటున్నాడు. కానీ వచ్చే సెమిస్టర్‌లో ఫోన్ యాప్‌లు తయారుచేసే ఆండ్రాయిడ్ స్టూడియో తప్పదు, అంత బరువైన సాఫ్ట్‌వేర్‌ని ఇది లాగుతుందా అని టెన్షన్. ఇప్పుడే కొంటే చివరి ఏడాది ప్రాజెక్టు టైముకి వారంటీ అయిపోతుందేమో. నాన్నను రెండుసార్లు అడగలేను.

ఇలా పాతదానికే మరమ్మతు చేసి నెట్టుకొచ్చినవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఆగినందుకు మంచే జరిగిందా, అనవసరంగా ఆగామనిపించిందా? కాస్త చెప్పండి.