తొలి 8 ర్యాంకుల్లో లేకపోతే ఆసియా క్రీడలకు ఫుట్‌బాల్ జట్టును పంపకూడదా?

ఎడమ వింగర్:
ఆసియాలో తొలి 8 జట్లలో లేదని 2018లో జకార్తాకు మన జట్టును పంపలేదు. 2023లో చైనాలోని హాంగ్‌జౌకూ మొదట అదే కారణంతో వద్దన్నారు. కోచ్ స్టిమాక్ ప్రధానికి బహిరంగంగా విజ్ఞప్తి చేశాక నిబంధన సడలించారు. నా అభ్యంతరం ఒక్కటే. ఆ ర్యాంకు సీనియర్ జట్టుది. పురుషుల విభాగంలో 2002 నుంచి ఆడుతున్నది 23 ఏళ్లలోపు కుర్రాళ్లు. వయసు మించినవారికి ముగ్గురికే చోటు. సీనియర్లు ఓడిన మ్యాచ్‌ల లెక్క వీళ్ల ఖాతాలో ఎందుకు రాయాలి?

పాత స్కోరుబోర్డు:
కుర్రాళ్ల సొంత ఖాతా మాత్రం ఏం గొప్పగా ఉంది? 2010లో గ్వాంగ్‌జౌలో జపాన్ చేతిలో 5-0. 2014లో ఇంచియాన్‌లో యూఏఈ చేతిలో 5-0, జోర్డాన్ చేతిలో 2-0. ఈ మూడు మ్యాచ్‌ల్లో మనకు ఒక్క గోల్ కూడా రాలేదు. ఖర్చు ప్రజలది. ఒక క్రీడకు సడలిస్తే మిగతా సమాఖ్యలూ వరుస కడతాయి. 1951, 1962 స్వర్ణాలు చూపించి ఇంకెన్నాళ్లు చోటు అడుగుతాం?

సికింద్రాబాద్ అభిమాని:
ఆ 1962 నుంచే నేర్చుకోవలసింది ఉందండీ. గ్రూపు దశలో దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడిన జట్టే, ఫైనల్లో అదే కొరియాను 2-1తో ఓడించింది. మన హైదరాబాద్ కోచ్ రహీం గారి జట్టు అది. మొదటి ఓటమితోనే దాని స్థాయి తేల్చేసి ఉంటే?

పాత స్కోరుబోర్డు:
రహీం గారి చేతిలో దేశంలోని మేటి ఆటగాళ్లు ఉన్నారు. హాంగ్‌జౌకు వెళ్లింది దొరికినవాళ్లతో కూర్చిన జట్టు. పోలికే లేదు.

ఎడమ వింగర్:
సరిగ్గా అక్కడికే వస్తున్నాను. అలా ఎందుకు కూర్చాల్సి వచ్చింది? ఆ క్రీడలు ఫిఫా కేటాయించిన అంతర్జాతీయ తేదీల్లో జరగలేదు, కనుక ఆటగాళ్లను వదలాల్సిన బాధ్యత క్లబ్బులకు లేదు. అదే సమయానికి మన లీగ్ మొదలవుతోంది. జట్టు చైనాకు చేరింది మ్యాచ్‌కు ముందురోజు. అయినా రాహుల్ గోల్‌తో విరామానికి 1-1. రెండో సగంలో కాళ్లు బరువెక్కాయి, చైనా చేతిలో 5-1తో ఓడాం. 39 ఏళ్ల ఛెత్రీ దాదాపు మ్యాచ్ అంతా పరుగెత్తాల్సి వచ్చింది! అలాంటి జట్టే బంగ్లాదేశ్‌పై గెలిచి, మయన్మార్‌తో డ్రా చేసుకుని నాకౌట్‌కు వెళ్లింది. సౌదీ అరేబియా 2-0తో ఆపింది. రెండు వారాల శిబిరం ఉండి ఉంటే ఆ రెండో సగం అలా ఉండేది కాదని గట్టిగా నమ్ముతున్నాను.

గోల్‌పోస్టు పక్కన:
మహిళల జట్టును అందరూ మరిచారు. వారి విభాగంలో వయసు పరిమితి లేదు, ఆడేది సీనియర్ జట్టే. ర్యాంకు వేరొకరిదన్న వాదన వారికి పనికిరాదు. వారిని దేని ఆధారంగా పంపమంటారు?

ఎడమ వింగర్:
న్యాయమైన ప్రశ్న. వారికి ఆ ఏడాది ఆడిన మ్యాచ్‌ల ఫలితాలు చూడమంటాను, ముందు తగినన్ని మ్యాచ్‌లు ఏర్పాటు చేసి. కుర్రాళ్లకు 23 ఏళ్లలోపు ఆసియా కప్ అర్హత పోటీల ఫలితాలే కొలమానం కావాలి.

పాత స్కోరుబోర్డు:
ఆ కొలమానానికి నేనూ ఒప్పుకుంటాను, ఒక షరతుతో. ఆటగాళ్లను వదులుతామని క్లబ్బులు లీగ్ షెడ్యూలు ఖరారయ్యే ముందే రాసివ్వాలి. ఆ కాగితం లేకుండా జట్టును పంపడానికి నేను ఇప్పటికీ వ్యతిరేకమే.